అత్తగారి గది కెమెరా

కోడలు ఆఫీసు నుంచి చెప్పాపెట్టకుండా వచ్చి వెనకగది తలుపు తోసింది. మంచం పక్కన ఆయా ఒక చేత్తో అత్తగారి దవడ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో నోట్లో చెంచా పెడుతోంది.

"వదులు ఆవిణ్ణి."

ఆయా ఉలిక్కిపడింది. గిన్నె ఒరిగి కూరముక్కల జావంతా దుప్పటి పాలైంది.

పక్షవాతంతో అత్తగారికి మాట పడిపోయింది. ఆయా మీద ఓ కన్నేసి ఉంచడానికే కోడలు సోమవారం ఆ గదిలో కెమెరా పెట్టించింది. వైఫై అంతదూరం అందలేదు. మెకానిక్ హాల్లో ఒక డబ్బా, ఇక్కడొక డబ్బా ప్లగ్గుల్లో గుచ్చి, ఇంటర్నెట్టు ఇక కరెంటు తీగల్లోంచే వచ్చేస్తుందన్నాడు. వచ్చింది కూడా. ఒక్క తిండి వేళకు మాత్రం రోజూ ఠంచనుగా ఆగిపోయేది. ఒకసారి ఆగితే అరగంట దాకా వచ్చేది కాదు; మళ్ళీ బొమ్మ వచ్చేసరికి ఆయా అత్తగారి మొహం తుడుస్తూ కనిపించేది.

"కెమెరా ఎందుకు ఆపుతున్నావు?"

"నేనెందుకు ఆపుతానమ్మా? దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు భయం."

"రోజూ నువ్వు తినిపించే ముందే ఆగుతుందేం? దానికి నీమీద ఏమైనా పగా?"

దవడ పట్టుకోకపోతే పెద్దమ్మగారికి మింగుడు పడదని ఆయా గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ ఏదో చెప్పబోయింది. కోడలు చెవిన వేసుకోలేదు.

అంతలో అత్తగారి ఎడంచేయి వణుకుతూ పైకి లేచింది. ముందు కెమెరాను చూపించింది. తర్వాత ఆయా నిలబడ్డ వంటింటి వైపు గుమ్మం కేసి తిరిగింది. గొంతులోంచి "గుర్ర్... గుర్ర్..." అని చప్పుడు వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. "చూశావా? మాట రాని మనిషి కూడా నిన్నే చూపిస్తోంది. ఇక నడువు."

ఆయా మంచం దగ్గరికి వచ్చింది. పక్కనే ఉన్న తన సంచీ తీసి భుజాన వేసుకుంది.

"నా మాట నమ్మొద్దులెండి. ఆ కెమెరానే అడగండమ్మా."

అత్తగారు ఆ సంచీ పట్టె పట్టుకుని వదల్లేదు. కోడలే ఒక్కో వేలూ విడదీసింది. వీధి గేటు మూసుకున్న చప్పుడయ్యాక కోడలు మంచం అంచున కూర్చుంది.

"భయపడకండి అత్తయ్యా. అది ఇక ఈ గడప తొక్కదు. నేనున్నాగా."

అత్తగారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. గొంతులో ఆ గుర్ర్ చప్పుడు ఆగలేదు. పాపం, ఆకలేమో అనుకుంది కోడలు. వంటింట్లోకి పరిగెత్తింది. స్టవ్వు మీద ఆయా ఉడికించి, రుబ్బగా మిగిలిన కూరముక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి. చిన్న పలుకు తగిలినా ముసలావిడకి పొలమారుతుంది. ముక్కలన్నీ జార్లో వేసి, మూత గట్టిగా నొక్కి, మీట తిప్పింది.

మిక్సీ గుర్ర్‌మంది.

గట్టు మీద ఫోను వెలిగింది: "అత్తయ్య గది కెమెరా డిస్‌కనెక్ట్ అయింది."