కమానులో చెరిసగం

మేస్త్రి రాయప్ప రాతి కమాను వంక చూసి, గునపం గోడకు చేరేశాడు.

"సగం పీకితే తక్కిన సగం కూలుద్దండి. కిందున్నోడు బతకడు. తీస్తే మొత్తం తియ్యాలి."

బసవపున్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. తన ఎత్తు పారింది.

తిరువూరు అవతల, మామిడితోటల నడుమ తాతగారు కట్టించిన రాతి మేడ అది. హాలు మధ్యలో కమాను. ఇల్లంతా దాని భుజాల మీదే ఉంది.

భూముల మీద సీలింగు చట్టం వస్తోందని అందరిలాగే అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. కాగితాల మీదేగా అనుకున్నారు. కాగితం మనసుల్లోకి దిగడానికి ఎంతసేపు? ఏడాది తిరక్కుండా ఇంటి దాకా వచ్చింది.

పెద్దవాడు వాటాలు వెయ్యాలి. చిన్నవాడు కోరుకోవాలి. అది ఆనవాయితీ.

వంటింటి గోడ దగ్గర గీత గీస్తే రెండు వాటాలూ దేనికది నిలబడేవి. కానీ బసవపున్నయ్య తెలివైనవాడు. సరిగ్గా కమాను నడిమధ్యగా గీశాడు.

"ఇహ వాడు ఇల్లు ముట్టుకోలేడు చూడు" అన్నాడు ఆ రోజు భార్య హనుమాయమ్మతో.

తమ్ముడు జగన్నాథరావు తూర్పు సగం కోరుకున్నాడు. ఈ వేసవిలో ఆ సగం రాళ్లను మిల్లు కట్టే షావుకారుకు అమ్మేశాడు. తనవైపు కప్పు నిన్ననే దింపించాడు.

"విన్నావుగా మేస్త్రి మాట" అన్నాడు బసవపున్నయ్య.

"విన్నా. నా వాటా నేను తీసుకుంటున్నా. నువ్వేసిన వాటాయేగా అన్నయ్యా."

జగన్నాథరావు తువ్వాలు తలకు చుట్టాడు. రాయప్ప వద్దంటున్నా గునపం పుచ్చుకుని, తనే నిచ్చెనెక్కాడు.

ఒక్క పోటు పొడిచాడు. సున్నం జలజలా రాలింది.

మరో పోటు. రాయి కదిలింది.

బసవపున్నయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఊరికే బెదిరిస్తున్నాడు, దిగిపోతాడు అనుకున్నాడు.

మూడో పోటుకు కమాను మూలిగింది. తమ్ముడు దిగలేదు.

"ఏంటండీ అలా చూస్తారు! పిల్లాడు చస్తాడు!" హనుమాయమ్మ గుండెలు బాదుకుంది.

నలభై దాటిన మరిది ఆమెకు ఇంకా పిల్లాడే.

ఏడాదిగా పెంచుకున్న కసంతా ఎటు పోయిందో, బసవపున్నయ్య నిచ్చెన దగ్గరికి ఉరికాడు.

"దిగరా. నీకు దణ్ణం పెడతా, దిగు... రాయప్పా, మొత్తం తీసెయ్. ముందు నా వైపు కప్పు దించు."

వారం పట్టింది. సామాను పశువుల కొట్టంలోకి చేరింది.

చివర్లో కింద దుంగలు ఆనించి కమాను విప్పారు. నడిమి రాయి కూలీల చేతులకు లొంగలేదు. అన్నదమ్ములు కూడా చెరో కొస పట్టారు. ఆయాసపడుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నేల మీదికి దించారు.

బసవపున్నయ్యకు కళ్లు చెమర్చాయి. తమ్ముడు ఏదో అనబోతున్నాడు. అన్న ఆశగా చూశాడు.

జగన్నాథరావు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇది ఎవరి వాటా కిందకొస్తది, అన్నయ్యా?"