సెలవు పద్యం

కాకినాడ నాటకశాలల్లో ఇప్పుడు నటుల రూపంతో, గొంతుతో యంత్రాలు చూపే వెలుగుబొమ్మలే వేషం కడుతున్నాయి. పోయిన నటులు కూడా రోజూ వేదికెక్కుతున్నారు. ఆ సాయంత్రం సుభద్రాయమ్మ భర్త బొమ్మ, రాజు వేషంలో రాణి దగ్గర సెలవు తీసుకునే పద్యం పాడింది.

"వన్స్ మోర్!" అని అరిచింది సుభద్రాయమ్మ. బొమ్మ మళ్లీ అందుకుంది. ఆమె మళ్లీ అరిచింది.

"జనం తిట్టుకుంటున్నారు మామ్మా. అవతల హోటల్లో మన టేబులు పోతుంది," అంటూ మనవరాలు హారిక చెయ్యి లాగింది.

"ఉండవే, పద్యం అయిపోతే ఆయన వెళ్లిపోతారు."

ఎన్నిసార్లు పాడినా అదే గొంతు, అదే చిరునవ్వు. బతికున్నప్పుడు ఆయన మూడోసారికే ఆయాసపడి, ఇక వదిలెయ్యమని జనానికి దణ్ణం పెట్టేవారు. సుభద్రాయమ్మ ఆ చేతులకేసే చూస్తూ కూర్చుంది. అవి కలవలేదు.

చివరికి ఆమే లేచి, వేదికకు దణ్ణం పెట్టింది.

"పదవే, టేబులు పోతుందన్నావుగా."