తెల్ల గోలీలు

“తీస్కపో వదినా నీ బిడ్డను! గొడ్రాలికి నేనెన్నేండ్లని కూడు పెట్టాలె?”

ఆగమ్మ కోడలి రేకుపెట్టెను గడప బయటికి ఒక్క తన్ను తన్నింది. కొమురమ్మ చెప్పులన్నా విడవకుండా గడప ముందే ఆగిపోయింది. కిరాణా దుకాణానికి ఫోన్ చేసి రమ్మన్నప్పుడే ఇట్లాంటిదేదో ఉంటుందనుకుంది. ఫలక్‌నుమా నుంచి శాలిబండ దాకా ఆటోలో దేవునికి మొక్కుకుంటూనే వచ్చింది.

అల్లుడు వేణుగోపాల్ అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నందిని బర్ల కొట్టం దగ్గర పాలక్యాన్లు తోముతోంది. తల్లిని చూసి కూడా లేవలేదు. ఆమె చెంప నల్లగా కమిలి ఉంది.

“మొఖం గట్లయిందేంది బిడ్డా?”

“బర్రె కొమ్ము తాకింది,” నందిని బదులు వేణుగోపాల్ చెప్పాడు.

“మాట మార్చకు వదినా,” ఆగమ్మ అడ్డొచ్చింది. “జల్‌పల్లిల నా తమ్ముని బిడ్డ తయారుగున్నది. వీనికి గా పిల్లను చేస్త.”

“గట్లనకు, నీ కాళ్ళు మొక్కుత. మంచి డాక్టరమ్మకు చూపిస్త. నెలనెలా ముట్టుతానమన్న సరిగ అయితున్నదా?”

ఆగమ్మ ముక్కుతో నవ్వింది. “మూడు నెలలకొక్కపారి. నేనే గట్ల జేయించిన.”

కడుపులో ఏ గడ్డో లేచిందేమోనని భయపడ్డ కొమురమ్మ నోరు తెరిచింది. “నువ్వు జేయించుడేంది?”

“మరేం జెయ్యాలె? నెలనెలా మహారాణి లెక్క మూలకు కూసుంటే బర్లను ఎవలు పిండాలె? మైలతోని పాలు ముట్టొద్దాయె. నా మోకాళ్ళు లేస్తయా? పైవాటా విమలాదేవమ్మ చెప్పింది. పూజలున్నప్పుడు వాళ్ళు గిట్లనే ఆపుకుంటరట. దినాం ఒక తెల్ల గోలీ. తెల్లవి ఒడిస్తే అట్టల మిగిలిన ఎర్రవి పారేసి, నాగా లేకుండ కొత్త అట్ట తెరువాలె. మూడు నెలలైనంక ఓ వారం ఇడిచిపెట్టాలె. మరుస్తదేమోనని నేనే పొద్దుగాల నోట్లేస్త.”

గూట్లోంచి అట్ట తీసి కొమురమ్మ ముఖాన విసిరింది.

కొమురమ్మ వంగి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. తన చిన్నోడు పుట్టాక దవాఖాన నర్సమ్మ తనకు ఇచ్చినవి ఇవే.

“ఓసి పాపిష్టిదానా!” ఆమె గొంతు వాడకట్టంతా వినబడింది. “ఇవి పిల్లలు పుట్టకుండ మింగే గోలీలే!”

“ఏందీ?” ఆగమ్మ ఒక అడుగు ముందుకొచ్చింది.

“నీ చేతులతోనే నీ వంశానికి తాళమేసి, నా బిడ్డను గొడ్రాలంటవా? పా, పోలీస్ టేషన్‌ల కూసుందాం! నలుగుర్ల నిలబెట్టి అడుగుత!”

వేణుగోపాల్ దిగ్గున లేచాడు. “అమ్మా, నిజమేనా?”

“నాకేమెరుక కొడుకా! తానం ఆగుతదన్నది గంతే...” ఆగమ్మ గడప మీదే కూలబడింది.

అతను అట్టను గుంజుకుని మోరీలో పారేశాడు. ఎదురింటి వాళ్ళు తొంగి చూస్తుంటే తల వంచుకుని గల్లీలోకి వెళ్ళిపోయాడు. ఆగమ్మ తనే లేచి, మూలుగుతూ రేకుపెట్టెను లోపలికి ఈడ్చుకుంది.

కొమురమ్మ ఒళ్ళు తేలికైంది. గబగబా కొట్టం దగ్గరికి పోయి కూతురి తల నిమిరింది.

“బతికినవ్ బిడ్డా. నీ తప్పేం లేదని అందరికీ తెలిసింది. ఇంక గా గోలీలు బంద్. ఒక్క పిలగాడు పుడితే అల్లుని చెయ్యి కూడ అదుపుల ఉంటది.”

నందిని క్యాను బోర్లించి, మొగుడు పోయిన గల్లీ వైపు ఒకసారి చూసి, కమిలిన చెంప తడుముకుంటూ గొంతు తగ్గించింది.

“గా గోలీల సంగతి విమలాదేవమ్మతోని అత్తమ్మకు చెప్పించింది నేనే, అమ్మా.”