గుల్ల మీద గుర్తు

"ఏరి ఏరి పారేసే మహానుభావా! ఆ పారేసేదేదో నా సంచిలో పారెయ్యరాదూ? పుణ్యముంటుంది," అంది జమీరా పిన్ని.

సగిన్ వినిపించుకోలేదు. సైనికులు కాల్పుల సాధన చేసి వెళ్లిన మైదానంలో ఊరంతా వంగి ఖాళీ తూటా గుల్లలు ఏరుకుంటోంది. ఎర్ర జెండా దించేశారు కాబట్టి ఈ పూటకి భయం లేదు. అందరూ ఇత్తడి కోసం వచ్చినవాళ్లే. సగిన్ మాత్రం ఒక్కో గుల్లనూ తిరగేసి, అడుగు చూసి, విసిరేస్తున్నాడు.

సరిగ్గా నలభై రోజుల కిందట అతని తమ్ముడు కెన్జె, మైదానం కాపలాదారు ఒముర్ గుడిసెలో టీ తాగి, సంచి వీపున వేసుకుని ఇంటికి బయలుదేరాడు. గుట్ట దారిలో ఒక తూటా సంచి మూలను చీల్చుకుంటూ వచ్చి వీపులో దిగింది. గురి తప్పిన తూటా అని ఒక ఆఫీసరు కాగితం రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు.

మాస్కోలో కూలిపని వదిలేసి సగిన్ వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. తల్లి బూరుల్ అతని చేతిలో ఒక గుల్ల పెట్టింది.

"వాడి కాళ్ల దగ్గర దొరికింది నాయనా. ఆ దారిలో ఎవరూ తుపాకీ పేల్చరు కదా, మరి ఇదెక్కణ్ణించి వచ్చింది?"

సగిన్‌కి ఆలోచించే పని లేకపోయింది. గుల్ల రాలేది కాల్చినవాడి పక్కనే. అంటే ఎవడో వెనకే నడిచొచ్చి మరీ కాల్చాడు. చిన్నప్పటి నుంచీ గుల్లలు ఏరినవాడు కాబట్టి అతనికి ఇంకోటి కూడా తెలుసు. ప్రతి తుపాకీలోనూ తూటాని పేల్చే సూది గుల్ల అడుగున తనదైన గుంట పెడుతుంది. ఈ గుంట మధ్యలో లేదు. అంచుకి జరిగి, నెలవంకలా వంకర తిరిగి ఉంది.

ఎండెక్కాక దాహం వేసి సగిన్ గుట్ట అవతల ఉన్న ఒముర్ గుడిసెకి వెళ్లాడు. గుమ్మం ముందు ఒక గుల్ల మెరుస్తోంది. అలవాటుగా తిరగేశాడు.

నెలవంక!

ఒముర్! ఊరకుక్కల్ని అదిలించడానికి తప్ప తుపాకీ ఎత్తడని ఊరంతా అనుకునే ఒముర్. కెన్జె జనాజాలో పాడెకి భుజం పట్టి పసిపిల్లాడిలా ఏడ్చిన ఒముర్.

లోపల్నించి టీ కెటిలుతో అతనే బయటికొచ్చాడు.

"రారా అబ్బాయ్, వేడిగా తాగుదువుగాని. సంచి తేలేదేం? కెన్జె తెచ్చేవాడుగా."

సగిన్ ఒళ్లు మండిపోయింది. తను తూటు పొడిచిన సంచి గురించి తనే అడుగుతున్నాడు, ఎంత గుండె! గుల్లలు తవ్వితీయడానికి తెచ్చుకున్న పార తిరగేసి చెవి మీద ఒక్కటిచ్చాడు.

"ఒరేయ్, పిచ్చెక్కిందా? నేనేం చేశాన్రా!"

"కెన్జెని ఎందుకు చంపావ్?"

"నేనా? వాడు నాకు కొడుకులాంటి..."

రెండో దెబ్బకి పళ్లు రాలాయి. ముసలివాడు మొండివాడు. మరుగుతున్న టీ సగిన్ మొహాన కొట్టి, మీద పడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ రాళ్ల మీద దొర్లారు. ఒముర్ అతని బొటనవేలు ఎముక దాకా కొరికాడు. సగిన్ మోకాలు అతని పొట్టలో దించి, పైకెక్కి కూర్చుని, రెండు గుల్లలూ కళ్ల ముందు పెట్టాడు.

"చూడు! ఇవి నీ తుపాకీవి కావూ?"

ఒముర్ నెత్తురు ఉమ్మాడు. "నావే. అయితే..."

అయితే లేదు, గియితే లేదు. ఒప్పుకున్నాడు, అది చాలు. పార అంచు మెడలో దిగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ. కాళ్లు తన్నుకోవడం ఆగిపోయాక కూడా ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

తర్వాత కాలవలో చేతులు కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది. ఇన్ని రోజుల్లో రాని ఏడుపు. గుండె తేలికపడేదాకా ఏడ్చాడు. ఇక జైల్లో పెట్టినా పరవాలేదనుకున్నాడు.

ఇంటి దగ్గర బోర్సోక్ పిండిముద్దలు వేయిస్తున్న నూనె వాసన గుప్పుమంటోంది. నలభయ్యో రోజు భోజనాలు. నలభై నిండేదాకా పోయినవాడి వస్తువులు ముట్టకూడదని బూరుల్ అన్నీ కొట్టంలోనే ఉంచింది. ఇవాళ పంచిపెట్టాలి.

"మొహం మీద ఆ బొబ్బలేంట్రా?"

"టీ ఒలికిందిలే."

"చూసుకోవద్దూ! తమ్ముడి టోపీ ఒముర్ అన్నయ్యకి తీసి ఉంచాను. ఇంకా రాలేదేం?"

"రాడు," అన్నాడు సగిన్.

ఆవిడ కొట్టంలోకి వెళ్లి, ఆ రోజు మోసుకొచ్చినవాళ్లు ఎలా పడుకోబెట్టారో అలాగే పడున్న కెన్జె సంచిని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి అతని ముందు నిలబడింది.

తూటా చీల్చిన మూలలోంచి గుల్లలు ఒక్కొక్కటే జారి సగిన్ కాళ్ల దగ్గర పడ్డాయి, ప్రతి దాని అడుగునా నెలవంకే.