సొంత చేతి మీద దోమ

“గోక్కోకు! కదలకు!” ఇస్సాకు పళ్ళ సందు నుంచి అన్నాడు.

“కుట్టేది నన్నాయె, కదలొద్దనేది నువ్వా?” రాహేలు తన పాదం మీద ఠపీమని కొట్టుకుంది. “గా చెయ్యి కింద పెట్టుకోవయ్యా. చూసినోళ్ళు అడుక్కుంటున్నవనుకుంటరు.”

ఫలక్‌నుమాలో పొద్దు గూకుతోంది. ఇంటిముందు మెట్ల మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. ఇస్సాకు చొక్కా మోచేతి పైదాకా మడిచి, కుడిచేతిని మోకాలి మీద చాపి పెట్టాడు. దాని మీద ఒక్క దోమ వాలాలి. అతనికి కావలసింది అంతే.

దోమలంటే ఆసక్తి ఉన్నవాళ్ళు ఈమెయిళ్ళలో ముచ్చట్లు పెట్టుకునే గ్రూపు ఒకటుందని అతనికి ఈమధ్యే తెలిసింది. చేరతానని రాశాడు. దోమల బ్యాట్లు అమ్ముకునేవాళ్ళు దూరకుండా ఆ గ్రూపు నడిపే అమల అనే ఆవిడ ఒక షరతు పెట్టింది. చేరేవాళ్ళు తమ సొంత చేతి మీద వాలిన దోమను, అదీ ప్రాణంతో ఉన్నదాన్ని, ఫొటో తీసి పంపాలి. మొదటిసారి ఇస్సాకు గోడకు చితికిన దోమను పంపాడు. చచ్చినవి చెల్లవన్నారు. రెండోసారి పంపినది దోమ కాదు, పుట్టుమచ్చ అని తేల్చారు. ఇక ఆఖరి అవకాశం, అదీ ఈ రోజు వరకే.

“గా గ్రూపుల చేరి ఏం జేస్తవ్?”

“నిన్నే ఎందుకు కుడతయో అడుగుత. నీ కోసమేనే గిదంత.”

అది సగం అబద్ధం. అతను అడగాలనుకున్నది వేరు. దోమలు నన్నెందుకు కుట్టవు? ఆమె చుట్టూ రొద, తన చుట్టూ నిశ్శబ్దం. పెళ్ళిలో అందరినీ పేరుపేరునా పలకరిస్తూ వచ్చిన మనిషి, సరిగ్గా తన కుర్చీ దగ్గరికి రాగానే తల తిప్పుకుని వెళ్ళిపోయినట్టుంటుంది. నవ్వాల్సిన సంగతేనని అతనికి తెలుసు. ఎంత ప్రయత్నించినా నవ్వు మాత్రం వచ్చేది కాదు.

పక్కింటి యూనుస్ స్కూటర్ ఆపి వింతగా చూశాడు. “ఏంది ఇస్సాక్ భాయ్, బీపీ చూపించుకుంటున్నవా?”

“దోమ కోసం కూసున్న.”

“దోమ కోసమా? మా ఇంటికి రా భాయ్, మస్తున్నయ్. ఎన్ని కావాల్నో తీస్కపో, ముఫత్, పైసలొద్దు!” నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడే ఒకటి వచ్చింది. ఇస్సాకు చేతికి జానెడు ఎత్తున తిరిగింది. మణికట్టు దాకా దిగింది. అతను ఊపిరి బిగబట్టాడు. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తిన్నగా పోయి రాహేలు మెడ మీద వాలింది.

“చూసినవా?” రాహేలు దాన్ని చరిచి పకపకా నవ్వింది. “గది సుత వాసన చూసి వద్దనుకున్నది!”

అతని ముఖం చిన్నబోయింది. గొంతు తగ్గించి అడిగాడు. “పోనీ నీ చెయ్యి పెట్టరాదే. ఫొటోల ఎవరి చెయ్యో ఎవరికెర్క?”

“గాజులో?”

“తియ్యి.”

“ఓ అయ్యా! సొంత చెయ్యి అన్నరు గదా. ఆదివారం చర్చిల మొదటి వరుసల కూసునేటోనివి, దొంగచెయ్యి పెట్టి చేరుతవా?”

ఇస్సాకు సిగ్గుపడి నేల చూపులు చూశాడు. రాహేలు అతని వంక ఒకసారి చూసింది. నవ్వడం ఆపింది. ఉన్నట్టుండి చీర దులుపుకుని లేచింది.

“నాతోని కాదు తల్లీ! నువ్వూ నీ దోమలూ ఏమన్న చేసుకోండ్రి.” లోపలికి పోయి తలుపు ధడాలున వేసింది.

మెట్ల మీద ఒక్కడే మిగిలాడు. దోమలు పొమ్మన్నాయి, ఇప్పుడు పెళ్ళాం కూడా. ఇంక చాలు అనుకుని మడిచిన చొక్కా కిందికి దించబోయాడు.

మణికట్టు దగ్గర చురుక్కుమంది.

చూశాడు. సన్నటి కాళ్ళ మీద ఒళ్ళు వంచి, ఎంతో తీరిగ్గా తాగుతోంది. అంత చిన్న మంటలో అంత సుఖం ఉంటుందని అతనికి తెలియదు. ఎడమచేత్తో ఫోను తీసి నొక్కాడు. ఇంతలో మోచేతి మీద ఇంకోటి. ఆ వెనకే వేలి మీద మూడోది.

“రాండ్రి, రాండ్రి! ఫికర్ చెయ్యకుండ్రి!” అంటూ చుట్టాలను పిలిచినట్టు పిలిచాడు.

ఫొటో పంపాడు. కాసేపటికే జవాబు వచ్చింది: స్వాగతం. ఇస్సాకు ఆగలేకపోయాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అప్పటికప్పుడే రాసి పంపేశాడు. దానికీ జవాబు వచ్చింది. అది చదువుతుంటే అతని ముఖం వెలిగిపోయింది.

“రాహేలూ! చేర్చుకున్నరే! ఇటు రా, ఏం రాసిన్రో విను!”

రాహేలు రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని వచ్చింది. అతను ఒక్కో ముక్కా తెలుగులోకి మార్చి చదివి వినిపించాడు. “మీలో లోపమేమీ లేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే దోమలు తమకు ఎక్కువ నచ్చినవారి మీదికే పోతాయి. వారు లేచి వెళ్ళిపోతే మీ మీదికే వస్తాయి.”

చదవడం అయ్యేసరికి అతనికి కడుపునిండా నవ్వొచ్చింది. “ఎంత మంచిగైంది! నువ్వు అలిగి పోవుడే నాకు కలిసొచ్చింది పో!”

రాహేలు అతని చేతిలో గ్లాసు పెట్టి పక్కనే కూర్చుంది.

“అలుగుడేంది? నేను లేస్తెనే నీ మీద వాల్తయని లేసిన. మూడోది వాలేదాక కిటికీ కాడ్నే నిలబడ్డ.”