బల్ల దిగని పెద్దాయన

“బల్లకి చెదలు పట్టిందట,” అన్నాడు మొగుడు, ఫోన్‌లోకి చూస్తూ.

టేపమ్మ నేలమీద మోకాళ్ళూని గుడ్డ కత్తిరిస్తోంది. తలెత్తలేదు. “మొన్న కాలు విరిగిందన్నాడు. నిన్న వానకి తడిసిందన్నాడు. ఇవాళ చెదలా? ఒక్క బల్లకి ఎన్ని రోగాలండీ! చెదలు మేమే దులుపుకుంటాం, పంపమని మెసేజ్ కొట్టండి.”

మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. అందుకే వీధి వీధంతా ఆ పేరుతో పిలుస్తుంది. మేడమీది గదిలో ఆవిడ పిల్లల గౌన్లు కుడుతుంది. మొగుడు కాజాలు తీసి, బొత్తాలు వేసి, ఇస్త్రీ చేసి, వాటి ఫొటోలు వేలం యాప్‌లో పెడతాడు. నాలుగేళ్ళుగా ఆ యాప్‌లో వాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. అయిదు వేళ్ళూ నోట్లోకి వెళ్తున్నాయంటే ఆ చుక్క చలవే. కుదిరిన బేరం నుంచి తప్పుకుని ఎవరు ‘రద్దు’ నొక్కితే వాళ్ళకి ఎర్రచుక్క పడుతుంది. ఇక ఆర్నెల్లపాటు అక్కడ సూది కూడా అమ్ముకోలేరు.

పోయిన ఆదివారం టేపమ్మ అదే యాప్‌లో ఓ దర్జీ బల్ల పాడుకుంది. నిలబడి గుడ్డ కత్తిరించుకునే బల్ల. ఒంటిపలక టేకు, ఇద్దరు మనుషులు కాళ్ళు బారజాపుకుని పడుకునేంత. పదకొండుమందితో పోటీపడి గెలిచి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తీరా రెండ్రోజులు గడిచేసరికి అమ్మినవాడు నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు.

“ఎవడో ఎక్కువకి అడిగుంటాడు,” అన్నాడు మొగుడు. “పోనీ మనమే రద్దు నొక్కేద్దామా? రోజూ ఈ గోలెందుకు?”

టేపమ్మ కత్తెర కింద పెట్టింది. “మీ వేలు ఆ మీట మీదికి వెళ్ళిందో, దానికీ ఓ కాజా తీస్తా.”

అతను వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. అమ్మినవాడే. టేపమ్మ స్పీకర్ పెట్టించింది.

“అక్కా, ఒక్కమాట. మీరే రద్దు చేసుకోండి. నేను చేస్తే ఎర్రచుక్క పడుతుంది. మా నాన్న కుట్టుమిషన్లు ఇంకా రెండు అమ్మాలి.”

“మాకు పడితే ఫరవాలేదా తమ్ముడూ? మాదీ బతుకే. రేపు బండి పంపిస్తున్నా. మోతకి నలుగురు మనుషుల్ని కూడా మాట్లాడేశా.”

“ఎప్పుడు మాట్లాడావ్?” అన్నాడు మొగుడు పైకే. టేపమ్మ చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

అమ్మినవాడు దారికొచ్చాడు.

“నిజం చెప్పేస్తా అక్కా. మా నాన్న బల్లెక్కి పడుకున్నాడు. దిగనంటున్నాడు.”

“ఎప్పట్నుంచి?”

“అది అమ్ముడైందని తెలిసినప్పట్నుంచి. నలభై ఏళ్ళు దానిమీదే కత్తిరించాడు. ఇప్పుడు కళ్ళు ఆనట్లేదు కదాని నేనే అమ్మకానికి పెట్టా. తిండీ నిద్రా దానిమీదే. స్నానానికి దిగాల్సొస్తే తువ్వాలేసి వెళ్తున్నాడు, బస్సులో సీటాపుకున్నట్టు.”

మొగుడు కరిగిపోయాడు. వేలు మళ్ళీ మీటవైపు సాగింది. టేపమ్మ ఫోన్ లాగేసుకుంది.

“పెద్దాయనకివ్వు,” అంది.

“ఎవరూ?” ముసలి గొంతు గరగరలాడింది.

“బల్ల పాడుకున్నదాన్ని బాబాయ్. నాదీ కుట్టుపనే.”

“కత్తెర పట్టిన చేత్తో సాటి దర్జీ బల్ల లాక్కుంటావా? సిగ్గులేదూ?”

“లాక్కోను. మీరు దిగకండి. బండొచ్చినా దిగకండి. మీవాడు రద్దు నొక్కేదాకా అంగుళం కదలకండి.”

పెద్దాయన ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత ఆ గొంతులో గరగర పోయింది. “చల్లగా ఉండమ్మా,” అన్నాడు. ఆ వెంటనే అవతల రగడ మొదలైంది.

“నొక్కరా!”

“ఎర్రచుక్క పడుద్ది నాన్నా!”

“పడనీ!”

“ఇక ఆర్నెల్లు మిషన్లు కూడా అమ్మలేం!”

“మరీ మంచిది, నొక్కు!”

ఫోన్ కట్టయింది. రెండు నిమిషాలకి టింగుమంది. అమ్మినవారు బేరం రద్దు చేసుకున్నారు. టేపమ్మ పేరు పక్కన పచ్చచుక్క చెక్కుచెదరలేదు.

మొగుడు ఆవిడ వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ ఈవిడని గయ్యాళి అని నలుగురిలో నవ్వులాడినందుకు మనసు కలుక్కుమంది.

“ఎంత మనసే నీది! మోకాళ్ళు అరిగిపోతున్నా, ముక్కూ మొహం తెలియని ముసలాయన కోసం వదులుకున్నావు.”

టేపమ్మ మోకాళ్ళు రుద్దుకుంది.

“నువ్వు దిగులుపడకు. వెతికి వెతికి సరిగ్గా అంతే పెద్దది పట్టుకొస్తా. ఒంటిపలకదే!”

“వద్దు. ఈసారి రెండు చిన్నవి చూడండి. కలిపేసుకోవచ్చు.”

“రెండు ముక్కలెందుకే? నిక్షేపంలాంటి బల్ల కోరుకుని…”

ఆవిడ లేచి వెళ్ళి వాకిట్లోకి తొంగిచూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని వచ్చి, గొంతు తగ్గించింది.

“ఎక్కడా అనకండి మరి.”

“అనను. చెప్పు.”

“మన మెట్ల మలుపులో ఆ బల్ల తిరగదని, గెలిచిన మర్నాడే కొలిచి తెలుసుకున్నాను.”