బొల్లి గేదె గోడ బొమ్మ

మడుగు బురదలో పొర్లి ఇంటికొచ్చిన బొల్లి గేదెకు ఎడమ డొక్క మీద దురద పుట్టింది. పెరటి గోడ నిన్న వేసిన సున్నంతో తెల్లగా మెరుస్తోంది. ఇంకేం, కళ్లు మూసుకుని తనివితీరా రుద్దుకుంది.

కళ్లు తెరిచేసరికి గోడ మీద పెద్ద బురద మరక, వెనక ఒకటే గోల.

"బాబోయ్, గోడ మీద గద్ద!" అంటూ కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"గద్దా, నీ మొహమా! బలిసిన ఎలుక," అని పిల్లి ఎగిరి దూకి, ముక్కు పగలగొట్టుకుంది.

మేకకు ఆ మరకలో పచ్చటి తుమ్మకొమ్మ కనబడింది. అదేమో గోడ నాకడం మొదలుపెట్టింది.

మాటా మాటా పెరిగి, కోడి పిల్లి నెత్తిన పొడిచింది. చివరికి అందరూ బొల్లి మీద పడ్డారు.

"అక్కా, గీసింది నువ్వేగా? అదేంటో నువ్వే తేల్చు."

బొల్లికి సిగ్గేసింది. "గీయడమేంటే తల్లీ! దురదేసి రుద్దుకున్నాను."

మేక పెదవి విరిచింది.

"గీసినంత మాత్రాన దానికి తెలియాలని ఏముంది?"

ముగ్గురూ మళ్లీ గోడవైపు తిరిగి గొడవకు దిగారు.

బొల్లి వెళ్లిపోబోతుంటే ఈసారి కుడి డొక్క మీద దురద మొదలైంది. గోడకేసి ఒకడుగు వేసిందో లేదో, ముగ్గురూ నోళ్లు మూసుకుని, వినయంగా పక్కకు జరిగి దారిచ్చారు.